ఎదురు నడిచే రక్తం

అమ్మిరాజు తాగానని ఒప్పుకున్నాడు. పోయిన వారం కథ ఆ మాట దగ్గర ఆగింది.

రాణిగంజ్‌లో మోటారు పంపుల దుకాణం నడిపే మనిషి. కాలేయం గట్టిపడి ముడుచుకుపోయింది. నాలుగేళ్ల కిందట అన్నవరంలో వ్రతం పీటల మీద కూర్చుని, భార్య సీతారత్నం చెయ్యి పట్టుకుని, ఇక ముట్టనని సత్యదేవుడి మీద ఒట్టు వేశాడు. కూతురు శ్రీలేఖ తన కాలేయంలో కొంత ఇస్తానంది. పరీక్షలన్నీ అయ్యి, తేదీ ఖాయం చేసే ముందు, దుకాణంలో పంపు పైపుకి బిగించే ఫుట్‌వాల్వు డబ్బాలో సగం ఖాళీ అయిన విస్కీ సీసా బయటపడింది. ఆసుపత్రి కమిటీ ముందు అమ్మిరాజు తల వంచుకుని "అవునండీ, తాగాను" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. చేతులు వణికాయి. కుర్చీలోంచి లేవబోయి తూలాడు. చూసినవాళ్లకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. తాగేవాడి కోసం కూతురి కడుపు కొయ్యరు. ఆపరేషన్ ఆగిపోయింది. ఆ రోజు నుంచి శ్రీలేఖ తండ్రితో మాట్లాడటం లేదు.

ఇప్పుడు రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని, స్ప్లీన్, అంటే ప్లీహం, ఎంత పెరిగిందో, దాని నరాల్లో రక్తం ఎలా నడుస్తోందో డాప్లర్ స్కాన్‌తో చూడమని పంపించారు. అలా అతను సీతాఫల్‌మండిలోని స్కానింగ్ సెంటర్‌కు, డాక్టర్ నాగజ్యోతి గదికి వచ్చాడు.

నాగజ్యోతికి ఆ గదిలోని చీకటి అలవాటు. చీకట్లో మనుషులు ముఖాలు సర్దుకోవడం మానేస్తారని ఆమె ఏళ్ల కిందటే గమనించింది. బయట హాల్లో ధైర్యంగా కబుర్లు చెప్పినవాళ్లు ఇక్కడ పడుకోగానే పైకప్పు వైపు చూస్తూ, ఎవరూ అడగని సంగతులు చెబుతారు. ఆమె విన్నట్టు కనిపించదు. కళ్లు తెర మీద ఉంటాయి. ముఖాలను బట్టి మనుషులను తెలుసుకోవడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. లోపలి నుంచి చూస్తే సులువు. అవయవాలకు అబద్ధం ఆడటం రాదు. ఆమె ఒంటరితనం ఈ ఒక్క నమ్మకం మీదే నిలబడి ఉంది.

"మేడం, గీ సారు చెప్పులు ఇడువనంటుండు," అన్నాడు పర్వతాలు తలుపు సందులోంచి. సెంటర్ మొదలైనప్పటి నుంచి అతనే అటెండర్. "దుకాన్ మూసే టైమైందంట. నన్నేమో మోటార్ బిగించెటోడు అనుకుంటుండు."

"పిలిచి మెల్లగా పడుకోబెట్టు పర్వతాలూ."

"జెర జల్ది కానియ్యుండ్రి మేడం. రేపు లష్కర్ బోనాలు. సాయంత్రం నుంచే రోడ్లు బంద్ వెడ్తరు, నేను మౌలాలి దాంక పోవాలె."

అమ్మిరాజు లోపలికి వచ్చాడు. ఒకప్పుడు భారీగా ఉన్న మనిషి. ఇప్పుడు భుజాలు ఎండి, పొట్ట మాత్రమే మిగిలింది. స్కానింగ్ మెషీన్ చుట్టూ ఒకసారి చూశాడు.

"ఏవయ్యా, ఒకటిన్నర హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు తెమ్మంటే ఇదేంటి తెచ్చావు? దీనికి నీళ్లు లాగే సక్షన్ ఎక్కడుంది?"

"సక్షన్ మా మేడం దగ్గరుంది సారూ. మీరు పండుండ్రి, చూపిస్తది," అన్నాడు పర్వతాలు చెప్పులు తీసి మూలకు పెడుతూ.

వెనకే వచ్చిన సీతారత్నం నవ్వలేదు. జరీ అంచు నేత చీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో నీళ్ల సీసా. "చూశారా డాక్టరుగారూ, పొద్దున్నే ఎక్కడో పట్టించినట్టున్నాడు. వీళ్లు మారరండి. దేవుడి మీద ఒట్టేసినా అంతే," అంది.

ఎవరూ అడగలేదు. గదిలోకి అడుగు పెట్టీ పెట్టకముందే, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగా అంది. నాగజ్యోతికి అది ఎక్కడో గుచ్చుకుంది. తాగేవాళ్ల భార్యలు ఈ గదికి చాలామంది వచ్చారు. వాళ్లు ముందు ముక్కుతో చూస్తారు. భర్త పక్కకు తిరిగినప్పుడల్లా తెలియకుండానే వంగి వాసన పడతారు. సీతారత్నం ఒక్కసారి కూడా అతని వైపు వంగలేదు.

నాగజ్యోతి వంగింది. అతని ఊపిరిలో మందు వాసన లేదు. పూలు కుళ్లిన కుండీ నీళ్లలాంటి తియ్యటి వాసన ఉంది.

"అమ్మిరాజుగారూ, రెండు చేతులూ ముందుకు చాపండి. బండిని ఆపుతున్నట్టు అరచేతులు పైకెత్తండి."

అతను ఎత్తాడు. క్షణం సేపు నిలిచాయి. తర్వాత మణికట్ల దగ్గర జారి పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడ్డాయి. ఎగరలేని పక్షి రెక్కల్లా. అతను వాటిని వేరెవరివో అన్నట్టు చూశాడు.

ఎడమ చెయ్యి తల మీదికి పెట్టించి, కుడిపక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టారు. పక్కటెముకల సందులో జెల్ రాసి నాగజ్యోతి ప్రోబ్ ఆనించింది. స్ప్లీన్ తెర నిండా కనిపించింది. మామూలుగా పక్కటెముకల చాటున దాగి ఉండాల్సింది, బొడ్డు వైపు దిగి వచ్చేసింది.

"బల్ల పెరిగిందా?" అంది సీతారత్నం. "మా అమ్మమ్మ బల్ల అనేది. కడుపులో బల్ల."

"పెరిగిందమ్మా. కాలేయం గట్టిపడితే రక్తం అందులోంచి పోలేదు. వెనక నిలబడిపోతుంది. ఆ ఒత్తిడి దీని మీద పడుతుంది. ఇది ఉబ్బుతుంది."

"డెలివరీ పైపు మూసుకుపోయిందన్నమాట," అన్నాడు అమ్మిరాజు ఉన్నట్టుండి స్పష్టంగా. అప్పుడప్పుడు మబ్బు విడినట్టు అతనికి తెలివి వచ్చేది. "నీళ్లు పోయే దారి లేపోతే మోటారు వేడెక్కుద్ది."

నాగజ్యోతి రంగులు ఆన్ చేసింది. బూడిద రంగు తెర మధ్యలో ఎరుపు, నీలం మెరిశాయి. స్పీకర్లోంచి రక్తం చప్పుడు వచ్చింది, దూరంగా రేకుల మీద వాన పడుతున్నట్టు.

"ఎర్రది మంచి రక్తం, నీలంది చెడ్డ రక్తమాండీ?" అన్నాడు అమ్మిరాజు.

"అందరూ అదే అడుగుతారు. కాదండీ. నా చేతిలో దీని వైపు వచ్చే రక్తం ఎరుపు. దీన్నుంచి దూరంగా పోయేది నీలం. అంతే. ఇదిగో, ఈ బటన్ నొక్కితే రంగులు తారుమారవుతాయి. ముందు చూసినవాళ్లు నొక్కి వదిలేస్తే, తర్వాత చూసేవాళ్లకు పోయేది వస్తున్నట్టు, వచ్చేది పోతున్నట్టు కనిపిస్తుంది. అందుకే నేను ప్రతి మనిషికీ ముందు ఈ బటన్ చూసుకుంటాను."

"ఫేజులు మార్చినట్టు!" అతని ముఖం వెలిగింది. "త్రీఫేజు మోటారుకి రెండు వైర్లు అటూ ఇటూ మార్చారనుకోండి, ఎదురు తిరుగుద్ది. ఒకసారి సామర్లకోటలో మా మేస్త్రీ..." అంటూ ఆగిపోయాడు. వాక్యం మిగతాది ఎక్కడికో పోయింది. "భానుప్రియా, అన్నం పెట్టవే," అన్నాడు.

"వాళ్ల చెల్లెలు. చనిపోయింది," అంది సీతారత్నం గోడ వైపు చూస్తూ.

నాగజ్యోతి వినలేదు. ఆమె తెర వైపు చూస్తోంది. స్ప్లీన్ నుంచి బయలుదేరే పెద్ద సిర ఇక్కడి నుంచి చూసినప్పుడు నీలంగా ఉండాలి. రక్తం స్ప్లీన్‌ను వదిలి కాలేయం వైపు వెళ్లాలి. అది ఎర్రగా ఉంది.

బటన్ చూసింది. సరిగానే ఉంది. ప్రోబ్ కోణం మార్చింది. ఊపిరి బిగబట్టమంది. ఎరుపే. అతన్ని వెల్లకిలా తిప్పి పొట్ట మధ్యలోంచి చూసింది. రక్తం కాలేయానికి వీపు తిప్పి, వచ్చిన దారినే ఎదురు నడుస్తోంది. ఎక్కడికి పోతోంది? ఎడమ కిడ్నీ పక్కన, మామూలు మనుషుల్లో ఏమీ ఉండని చోట, లావుపాటి నరాలు పాముల్లా మెలికలు తిరిగి కనిపించాయి. మూసుకుపోయిన కాలేయాన్ని తప్పించుకోవడానికి శరీరం తనంతట తాను తవ్వుకున్న దొంగదారి. పేగుల్లోంచి వచ్చిన విషం కాలేయంలో శుభ్రపడకుండా ఆ దారిలో గుండెకు, గుండె నుంచి తలకు ఎక్కుతోంది.

ఇంతకుముందు ఇంకోచోట స్కాన్ చేశారు. స్ప్లీన్ పొడవు కొలిచి వదిలేశారు. మతి తప్పుతోందని సిరప్ ఇచ్చారు. తగ్గకపోతే, తాగుతుంటే ఏ మందు పనిచేస్తుంది అన్నారు.

నాగజ్యోతి ఆ ఎర్రటి సిర బొమ్మను తెర మీద నిలిపింది. ఆమెలో ఒక చిన్న సంతోషం లేచింది. ఎవరి బాధలోంచి పుడుతోందో తెలిసీ ఆపుకోలేని సంతోషం. దాన్ని ఆమె ఎప్పుడూ నమ్మదు.

"పర్వతాలూ, నువ్వు బయట ఉండు. అమ్మా, ఒక్కసారి ఇటు రండి."

గదికి అడ్డంగా కట్టిన తెర బట్ట అవతల రాసుకునే బల్ల, రెండు కుర్చీలు. ఇద్దరూ కూర్చున్నారు. ఎక్కడో వీధిలో డప్పు వాయించి చూసుకుంటున్నారు, ఆగి ఆగి.

"ఆయన తూలడం, మాట తడబడటం, ఎవరి పేరో పిలవడం, ఇదంతా మందు వల్ల కాదమ్మా," అంది నాగజ్యోతి నెమ్మదిగా. "రక్తం దారి తప్పింది. శుభ్రం కాకుండానే మెదడుకు వెళ్తోంది. తాగకపోయినా మనిషి తాగినట్టే కనిపిస్తాడు. ఆయన తాగలేదని ఈ స్కాన్ రుజువు చెయ్యదు. కానీ మతి మసకేసిన మనిషి ఒప్పుకోలును ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు. ఈ మాట నేను కమిటీ డాక్టర్లకు రాస్తాను. ఫోన్ కూడా చేస్తాను."

ఈ వార్త విన్న భార్య ఏం చేస్తుందో నాగజ్యోతి మనసులో ముందే ఒక బొమ్మ ఉంది. ఏడుస్తుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నా మొగుడు ఒట్టు తప్పలేదు అంటుంది.

సీతారత్నం కదల్లేదు. నీళ్ల సీసా మూత తిప్పి, మళ్లీ బిగించింది.

"రాస్తే అమ్మాయిని మళ్లీ పిలుస్తారా?"

"పిలవచ్చు."

"కోస్తారా?"

"ఆమె ఇష్టపడితే."

"దానికి ఇష్టమే. నాన్న తాగలేదని ఒక్కరు చెప్పండి చాలు అని ఇంట్లో గోడలకు చెబుతోంది." ఆమె గొంతు తగ్గింది. "రాయకండి డాక్టరుగారూ."

"అర్థం కాలేదమ్మా."

"మీకు పిల్లలున్నారా?"

నాగజ్యోతి బల్ల మీది పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఆసుపత్రిలో మాతోపాటు ఒంగోలావిడ ఉండేది. మొగుడికి కొడుకు కాలేయం ఇచ్చాడు. ఇచ్చినవాడికి ఏమీ కాదమ్మా, కాలేయం మళ్లీ పెరుగుతుంది అని మీలాంటి వాళ్లే చెప్పారు. తండ్రి నడుచుకుంటూ వార్డుకు వచ్చాడు. కొడుకు రాలేదు. ఆవిడ ఏడవలేదండి. నా పక్కన కూర్చుని ఇడ్లీ తింది. మొగుడి ముఖం చూడకుండా తింది." సీతారత్నం తన అరచేతులు చూసుకుంది. "శ్రీలేఖకి నాలుగేళ్ల పిల్ల ఉంది. నేను ఒద్దంటే వింటుందా? నువ్వు నాన్నని చంపుతావా అంటుంది. అలా అనకుండా ఆపేది ఒక్కటే ఉంది."

డప్పు ఆగింది.

"ఆ సీసా నేనే కొన్నాను," అంది.

నాగజ్యోతి చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టాలనుకుంది. కాలేదు.

"చిలకలగూడలో వైన్ షాపుకి ముసుగు కప్పుకుని వెళ్లాను. కౌంటర్లో వాడు, ఆంటీ ఏ సైజు అన్నాడు. వాటికి సైజులుంటాయని నాకేం తెలుసు? చెప్పుల్లాగా." ఆమె పెదాలు ఒక వైపు లాగినట్టయ్యాయి. నవ్వేమో. "సగం సింకులో పోశాను. ఆ వాసనకి వాంతొచ్చింది. ఫుట్‌వాల్వు డబ్బాలో పెట్టి, మర్నాడు నేనే తీసి అరిచాను. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు... ఒట్టు తప్పానేమో, గుర్తులేదేమో అన్నట్టు చూశాడు. పాపం, అప్పటికే రోజులు కలగాపులగం అవుతున్నాయి. అదే నాకు కలిసొచ్చింది."

"ఇది రాయకపోతే ఏమవుతుందో తెలుసా మీకు? ఆయన ఇలా మసకలోనే తిరుగుతూ ఒకరోజు లేవరు."

"తెలుసండి."

"తాగుబోతుగా పోతారు. కూతురు మాట్లాడకుండానే పోతారు."

"తెలుసు," అంది సీతారత్నం. "అది బతికుంటుంది కదా, మాట్లాడకుండా ఉండటానికైనా."

నాగజ్యోతికి కోపం రావాలి. వెతుక్కుంది, దొరకలేదు. ఈమె ఎదురుగా కూర్చుని ఉండగా ఏది సరైన దిశ అనేది ప్రోబ్ ఎక్కడ ఆనించారో దాన్ని బట్టి మారుతున్నట్టు అనిపించింది. కూతురి పక్కటెముకల వైపు నుంచి చూస్తే ఒక రంగు. మొగుడి వైపు నుంచి చూస్తే ఇంకో రంగు. ఈ ఆలోచన తన తప్పించుకునే బుద్ధిలోంచే వచ్చిందని కూడా ఆమెకు తెలుసు. తెర మీది దిశకు రెండు అర్థాలు లేవు. రక్తం ఒక్కవైపే పోతోంది.

"సీతా."

తెర బట్ట అవతల నుంచి. ఇంతసేపూ అక్కడ ఒక మనిషి మెలకువగా పడుకుని ఉన్నాడని ఇద్దరూ మర్చిపోయారు.

"అది విస్కీ సీసానే సీతా. ముప్పై ఏళ్లు కాపురం చేశావు, నేను బ్రాందీ తప్ప ముట్టనని తెలీదా నీకు? డబ్బా మూత తియ్యగానే నీ పనే అని తెలిసింది."

సీతారత్నం లేచి నిలబడింది. బట్ట పక్కకు లాగలేదు. దాని ముందు నిలబడిపోయింది.

"మరి తాగానని ఎందుకు చెప్పారు?"

"నువ్వు ఎందుకు పెట్టావో అర్థమైంది. అందుకని చెప్పాను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అమ్మాయిని కొయ్యడం నాకు మాత్రం ఇష్టమా? నాకు నోరు రాలేదు. నువ్వు దారి చూపించావు. అందులోకి దూరాను. కానీ ఒకటి నీతో చెప్పలేదు. కమిటీలో తాగానన్నానా, ఆ మాట అన్నాక ఏది నిజమో నాకే తెలీలేదే. కొన్ని పొద్దులు నిజంగానే తాగానని లేచేవాణ్ణి. గొంతులో ఆ మంట ఉండేది. సత్యదేవుడికి దణ్ణం పెడితే చెయ్యి లేచేది కాదు. దొంగ ఒప్పుకోలు కూడా మనిషిని వదలదు సీతా. లోపల కూర్చుని నిజమైపోద్ది."

సీతారత్నం బట్ట అంచును గుప్పిట్లో పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి.

"డాక్టరమ్మగారూ," అన్నాడు అతను. గొంతులో వ్యాపారి మర్యాద తిరిగి వచ్చింది, ఖాతాదారుతో మాట్లాడుతున్నట్టు. "ఇందాక చూపించారే బటను. ఫేజులు మార్చేది. అది నొక్కేసి బొమ్మ తియ్యండి. ఎర్రది నీలం అయిపోద్ది. రక్తం సరిగ్గానే పోతందని రాసెయ్యండి. ఎవరికీ నష్టం లేదు."

"నష్టం ఉందండీ," అంది నాగజ్యోతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ కూతురు ఊరుకుంటుందనుకుంటున్నారా? రేపు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తుంది. వాళ్లు నా రిపోర్ట్ నమ్మి, ఈ దొంగదారి లేదనుకుని కోస్తారు. కొత్త కాలేయానికి వెళ్లాల్సిన రక్తమంతా ఇటే పారిపోతుంది. అప్పుడు ఆమె ఇచ్చిన ముక్క మీ ఒంట్లో ఎండిపోతుంది. ఆమెను కోసీ, మిమ్మల్ని బతికించలేక..."

ఆమె ఆగింది. తలుపు మీద ఎవరో తట్టారు.

"నేను చెప్తనే ఉన్న మేడం, ఆగమని. ఇనదాయె!" పర్వతాలు గొంతు.

తలుపు తెరుచుకుంది. హాల్లోని వెలుతురు ఒక పలకలా గదిలోకి పడింది. శ్రీలేఖ గుమ్మంలో నిలబడి ఉంది. ఆఫీసు ట్యాగ్ మెడలోనే ఉంది. మాట్లాడకపోయినా తండ్రిని కార్లో తీసుకొచ్చి, ఇంతసేపూ బయట కుర్చీలో, ఫోన్ చూడకుండా కూర్చున్న మనిషి.

"సారీ డాక్టర్, ఇంకా కూర్చోలేకపోయాను. డాప్లర్‌లో బ్లడ్ ఎటు పోతుందో కలర్‌ని బట్టి తెలుస్తుందని చదివాను. డైరెక్షన్ రివర్స్ అయితే మైండ్ అలా అవుతుందంట కదా? అంటే నాన్న తాగకపోయినా..." తండ్రి వైపు చూడలేదు. నాగజ్యోతినే చూసింది. "ఒక్కటే చెప్పండి డాక్టర్. రివర్స్ ఉందా, లేదా?"

నాగజ్యోతి సీతారత్నం ముఖం వైపు చూడకుండా లేచింది. చెప్పాల్సింది ఆమెకు తెలుసు. చూపిస్తే చాలు, మాటలతో పని లేదు. తెర బట్ట పక్కకు లాగి, మెషీన్ వైపు చెయ్యి చాపింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

తెర మీద ఆ సిర నీలంగా ఉంది. శుభ్రంగా, ప్రశాంతంగా, పుస్తకంలో ఉన్నట్టు నీలంగా.

అమ్మిరాజు పక్కకు తిరిగి ఉన్నాడు. అతని చెయ్యి మంచం అంచు దాటి, మెషీన్ పలక మీద ఉంది. వణకడం లేదు. వేళ్ల కింద ఆ బటన్ మీద జెల్ తడి మెరుస్తోంది.

శ్రీలేఖ రెండడుగులు ముందుకు వేసి తెరను చూసింది.

"బ్లూ," అంది. "అంటే నార్మలే కదా, డాక్టర్?"